హౌరా లోడు, పడక సీను

మా ఊరి నాటక సమాజంలో కృష్ణుడి కిరీటం కోసం నేను పన్నెండేళ్ళు కాచుకు కూర్చున్నాను. ద్వారపాలకుడితో మొదలుపెట్టి, సాత్యకి మీదుగా, ఒక్కో మెట్టే ఎక్కాను. తీరా కిరీటం నెత్తికెక్కే ఏడాదే నాకు హెవీ లైసెన్సు వచ్చింది. పార్థసారథి వేషమూ, లారీ స్టీరింగూ ఒకేసారి చేతికొచ్చాయి. రెండూ డ్రైవరు పనే కదా, ఇబ్బందేముంటుందిలే అనుకున్నాను.

ఇబ్బంది చేపల దగ్గరొచ్చింది.

అంతకుముందు చిన్న వ్యాను తోలేవాణ్ణి. ఆకివీడు, భీమవరం, చీకటి పడేసరికి ఇల్లు, అన్నం తిని రిహార్సల్. ఇప్పుడు పన్నెండు టైర్ల లారీ. శీలావతి, బొచ్చె చేపల్ని ఐసులో పేర్చి హౌరా హోల్‌సేల్ మార్కెట్‌కి చేర్చాలి. 16వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 1,200 కిలోమీటర్లు. తెల్లవారుజామున అక్కడ పాట మొదలయ్యేసరికి బండి నిలబడి ఉండాలి. పాటంటే నాకు ప్రాణమే గానీ, అది వేలంపాట.

రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలకు మించి పని చేయించకూడదని 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పేది. దూరప్రయాణాలకు కాస్త సడలింపు ఉండేదిలెండి. చట్టం బాగానే ఉండేది. దాన్ని ఐసుకి చదివి వినిపించేవాడే లేకపోయాడు.

నాకు తీరికే లేదని అందరూ జాలిపడతారు. లేకేం? బోలెడుంది. కాకపోతే అది హౌరాలో ఉంది, ఇల్లేమో ఆకివీడు పక్కనుంది. దిగుమతి అయ్యాక రిటర్న్ లోడు కోసం ఒక్కోసారి మూడేసి రోజులు పడిగాపులు. లోడు దొరికాక మళ్ళీ పరుగు. సరుక్కి ఈ-వే బిల్లుంటుంది, 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. సరుకు ఏనాటికి ఇల్లు చేరాలో కాగితం మీద రాసి ఉంటుంది. దాన్ని తోలేవాడు ఏనాటికి చేరాలో ఏ కాగితం మీదా ఉండదు.

అందుకని రిహార్సల్‌ని క్యాబిన్‌లోకి మార్చాను. క్లీనర్ కుర్రాడికి అర్జునుడూ, దుర్యోధనుడూ రెండు వేషాలూ ఇచ్చాను. వాడు ఒప్పుకున్నాడు గానీ, "దుర్యోధనుడికి వేరే బత్తా ఉంటుందా గురువుగారూ?" అని అడిగాడు. బలుగావ్ దగ్గర చిలికా సరస్సు చూస్తూ ఎత్తుకున్న ఆలాపన ఖుర్దా దాటితేగానీ దిగేది కాదు. ముందువాడు బ్రేకేస్తే మాత్రం రాగం మధ్యలోనే తెగిపోయేది.

నిజానికి అసలు పార్థసారథి అదృష్టవంతుడు. ఆయన తోలింది పద్దెనిమిది రోజులే. టోల్‌గేట్ల గొడవ లేదు. పైగా ఎక్కాల్సిన లోడు ఎక్కాక, బండిని రెండు సైన్యాల మధ్య ఆపేసి ఏడువందల శ్లోకాలు చెప్పుకున్నాడు. హాబీని డ్యూటీలో కానిచ్చుకున్న డ్రైవరు లోకంలో ఆయనొక్కడే. వెనకనుంచి ఒక్కడూ హారన్ కొట్టలేదు.

ఇక ఇల్లు. మొదటి ట్రిప్పు నుంచి వస్తూ వస్తూ ఒక టైంటేబులు రాసుకొచ్చాను. పొద్దున ఇంటికి, సాయంత్రం నాటకానికి, రాత్రి నిద్రకు. మా ఆవిడ దాన్ని శ్రద్ధగా చదివి, కాగితం తిరగేసి, వెనకవైపు తన లోడు రాసింది. మోటారు బాగు చేయించడం, అత్తగారి కళ్ళ పరీక్ష, పిల్లాడి ఫీజు, మూడు పెళ్ళిళ్ళు, ఒక పరామర్శ. "ఇంకేమైనా ఉందా?" అన్నాను. "ముందు స్నానం చెయ్యండి, చేపల కంపు" అంది. స్నానం చేసి మంచమెక్కితే నిద్ర రాదు. ఇంజను మోత లేనిదే నాకు కునుకు పట్టదు. రాత్రి రెండింటికి దిగ్గున లేచి, గాలి సరిగ్గా ఉందో లేదోనని మంచం కోళ్ళని కాలితో తట్టి చూశానట. అది కూడా మా ఆవిడే చెప్పింది.

అలాంటి రోజుల్లో శ్రీరామనవమి పందిరి వచ్చింది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో పడక సీను మా గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్ళు తక్కువ. కృష్ణుడు దొంగనిద్ర పోతుంటాడు. దుర్యోధనుడు తల దగ్గరా, అర్జునుడు కాళ్ళ దగ్గరా చేరతారు. లేవగానే కృష్ణుడు ముందు అర్జునుణ్ణి చూసి పద్యం ఎత్తుకోవాలి. పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణుడి గురించి మా పెద్దాళ్ళు కథలు కథలుగా చెప్పుకునేవారు. నేనూ ఆ స్థాయిలో లేవాలని నిశ్చయించుకున్నాను.

హౌరా నుంచి బండి ఆ సాయంత్రమే చేరింది. తిన్నగా పందిరికెళ్ళి రంగు పూయించుకున్నాను. తెర లేచింది. పడుకున్నాను. స్టేజి వెనక జనరేటరు డగడగా కొట్టుకుంటోంది, అచ్చం మా లారీ ఇంజన్లాగే.

తరవాతి సంగతులు విన్నవే. దుర్యోధనుడొచ్చాడు, అర్జునుడొచ్చాడు. హార్మోనియం మూడుసార్లు శ్రుతి అందించింది. నేను లేవలేదు. దుర్యోధన వేషధారి మా ఊరి ఆరెంపీ డాక్టరు. ఆయనకు అనుమానమొచ్చి, స్టేజి మీదే నా నాడి చూశాడు. చివరికి అర్జునుడు బొటనవేలు పట్టి గుంజితే దిగ్గున లేచి, మైకు ముందు గట్టిగా అన్నానట:

"దిగుమతి అయిపోయిందా?"

వన్స్‌మోర్లు పడ్డాయి. పద్యానికి కాదు, ఆ మాటకి.

ఇంటికొస్తూ మా ఆవిడ ఏమంటుందోనని బిక్కుబిక్కుమంటూ నడిచాను. "పోన్లెండి," అంది, "పావుగంటసేపు మా కళ్ళెదుటే ఉన్నారు. ఫోను కూడా ఎత్తలేదు."

కిరీటం పోయినట్టేనని మర్నాడు పొద్దున్నే సెక్రటరీ బాబాయి దగ్గరికెళ్ళి తలొంచుకు నిలబడ్డాను. ఆయన నా భుజం తట్టాడు. "నలభై ఏళ్ళుగా ఈ సీను చూస్తున్నానురా అబ్బాయ్, కృష్ణుడు ఇంత సహజంగా పడుకోగా చూళ్ళేదు. వచ్చే ఏడు కూడా నువ్వే. ఒక్క మాట గుర్తుంచుకో. హౌరా నుంచి తిన్నగా ఇటే రా. ఇంటికెళ్ళి రెస్టు తీసుకున్నావంటే నటన పాడైపోతుంది."