శుక్రవారం సాయంత్రం అయిదింటికి

1960ల మధ్యకాలం. అమెరికాలో బోస్టన్ పక్కనే ఉన్న కేంబ్రిడ్జ్ ఊళ్లో ఎంఐటీ. అక్కడ ఒక గదిని నింపేసే కంప్యూటర్ ఉండేది, ఐబీఎం 7094. ఒకేసారి 30 మంది దాకా దాని మీద పని చేసుకునేవారు. టైప్‌రైటర్ లాంటి టెర్మినల్ ముందు కూర్చుని లాగిన్ అయితే చాలు, యంత్రమంతా తమ ఒక్కరిదే అన్నట్టు పని నడిచేది. ఈ ఏర్పాటు పేరు సీటీఎస్‌ఎస్. ఫెర్నాండో కోర్బాటో నాయకత్వంలోని బృందం 1961 నవంబరులో దీన్ని మొదటిసారి నడిపి చూపించింది.

యంత్రం ఒకటే, వాడేవాళ్లు ఎందరో. ఒకరి ఫైళ్లు ఇంకొకరి కంట పడకూడదు. అందుకని ప్రతి ఒక్కరికీ సొంత డైరెక్టరీ ఇచ్చారు. ఆ డైరెక్టరీలోకి వెళ్లాలంటే పాస్‌వర్డు చెప్పాలన్నారు. ఈ రోజు మనం ఫోన్లోనూ బ్యాంకులోనూ కొడుతున్న పాస్‌వర్డు కంప్యూటర్లలోకి వచ్చింది ఈ దారినే.

ఒక శుక్రవారం సాయంత్రం అయిదింటివేళ లాగిన్ అయినవాళ్లకు మామూలుగా కనిపించే ఆనాటి ప్రకటన రాలేదు. దాని బదులు టెర్మినల్ టకటకా కొడుతూ ఒక జాబితా అచ్చు వేయడం మొదలుపెట్టింది. వరుసగా పేర్లు, పేరు పక్కనే పాస్‌వర్డు. లాగిన్ అయిన ప్రతివారికీ అందరి పాస్‌వర్డులూ అందాయి. ఆ టెర్మినళ్లకు తెర లేదు, వచ్చిందంతా కాగితం మీదికే వచ్చేది. తెర మీది అక్షరాలనైతే చెరిపేయవచ్చు. కాగితం మీద పడ్డవాటిని ఎలా చెరుపుతారు?

చూసినవాళ్లలో ఒకరు ప్రమాదం పసిగట్టి యంత్రాన్ని ఆగిపోయేలా చేశారు. నిర్వాహకులు ఇళ్లకు వెళ్లడం మానుకుని, గంటల తరబడి కూర్చుని, అందరి పాస్‌వర్డులూ మార్చారు.

ఇంతకీ ఎవరి పని ఇది?

పాస్‌వర్డుల జాబితా బయటికి పోవడం అక్కడ ఇది మొదటిసారి కాదు. 1962లోనే ఒక పరిశోధక విద్యార్థి తనకిచ్చిన కంప్యూటర్ సమయం చాలక, ఆ ఫైలును అచ్చు వేయమని కార్డు పంచ్ చేసి పెట్టి, జాబితా మొత్తం చేతికి తెచ్చుకున్నాడు. ఆ సంగతి పాతికేళ్ల తర్వాత తనే చెప్పేదాకా బయటపడలేదు. అది తెలిసి చేసిన పని. ఈ శుక్రవారం మాత్రం ఎవరూ దొంగతనానికి రాలేదు. ఎవరి పాస్‌వర్డునూ ఎవరూ ఊహించలేదు. ఏ తాళమూ పగల్లేదు.

కారణం వెతికితే దొరికింది ఒక ఎడిటర్. ఫైలును తెరిచి దిద్దుకునే మామూలు ప్రోగ్రాం అది. దిద్దుబాటు సాగినంతసేపూ అది ఒక తాత్కాలిక ఫైలు పెట్టుకునేది. ఆ ఫైలుకు ఎప్పుడూ ఒకటే పేరు. రాసినవాళ్లు తెలివితక్కువగా రాశారని అనలేం. ఎవరి డైరెక్టరీ వారిది, అందులో ఒక సమయంలో ఒక్కరే పని చేస్తారు, అలాంటప్పుడు పేరు ఒకటే అయితే ఏం? విడి డైరెక్టరీ అనే కట్టుబాటు ఉన్నంతవరకూ ఆ ఎడిటర్‌లో లోపమే లేదు.

ఆ కట్టుబాటు ఒకచోట సడలింది. వ్యవస్థను నడిపేవాళ్లు పని సులువవుతుందని తమలో ఒకరికంటే ఎక్కువమంది ఒకే డైరెక్టరీలో పని చేసుకునే వీలు కల్పించుకున్నారు. ఆ సాయంత్రం ఒకరు అక్కడ పాస్‌వర్డుల ఫైలు తెరిచారు. అదే సమయంలో, అదే డైరెక్టరీలో, ఇంకొకరు ఆనాటి ప్రకటన తెరిచారు. ఇద్దరి ఎడిటర్లూ ఒకే పేరుతో తాత్కాలిక ఫైలు పెట్టాయి. ఇద్దరూ సేవ్ చేసేసరికి ఒకరిది ఇంకొకరికి వెళ్లింది. ప్రకటన ఉండాల్సిన ఫైలులో పాస్‌వర్డులు కూర్చున్నాయి. సామాన్య వాడుకరుల డైరెక్టరీలన్నీ ఆ సాయంత్రం కూడా పదిలంగానే ఉన్నాయి. విడి డైరెక్టరీ లేనిది అందరి పాస్‌వర్డులూ చేతిలో ఉన్నవాళ్లకే.

ఈ ఉదంతాన్ని రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో యూనిక్స్ పాస్‌వర్డుల మీద రాసిన వ్యాసంలో ప్రస్తావించారు. పాస్‌వర్డును ఉన్నదున్నట్టు ఫైలులో రాసిపెట్టకూడదన్న వారి వాదనకు ఇదొక బలమైన సాక్ష్యం. కోర్బాటో కూడా 1990 ట్యూరింగ్ పురస్కారం అందుకున్న సందర్భంగా చేసిన ప్రసంగంలో దీన్ని దాచకుండా చెప్పారు. పెద్దరికమంటే అదీ.

పాస్‌వర్డులను దాచే తీరు బాగుపడింది కానీ, ఉమ్మడి చోటు పోలేదు. యూనిక్స్‌లోనూ, దాని తరవాత వచ్చిన లినక్స్‌లోనూ టెంప్ అనే డైరెక్టరీ ఒకటి ఉంది. అందులో ఎవరైనా ఫైలు పెట్టవచ్చు. స్టిక్కీ బిట్ అనే గుర్తు ఉండటం వల్ల ఒకరి ఫైలును ఇంకో మామూలు వాడుకరి చెరపలేడు. అయితే ఒక ప్రోగ్రాం రేపు ఏ పేరుతో ఫైలు పెడుతుందో ముందే తెలిస్తే, ఈ రోజే అదే పేరుతో, ఇంకెక్కడికో దారితీసే లింకు పెట్టి కాచుకోవచ్చు. ప్రోగ్రాం తన ఫైలే అనుకుని రాసుకుంటూ పోతుంది, రాత వెళ్లి వేరే ఫైలు మీద పడుతుంది. ఎన్నో ఏళ్లపాటు ఎన్నో ప్రోగ్రాములు ఈ దెబ్బ తిన్నాయి. ఊహకందని పేర్లు పెట్టడం, ఇలాంటి లింకులను వ్యవస్థకు గుండెకాయ అయిన కెర్నలే అడ్డుకోవడం వంటి మందులు తరవాత వచ్చాయి.

రోగం కుదుర్చే మందు మాత్రం మొదటి రోజుల్లో అనుకున్నదే, ఎవరి చోటు వారికి ఇవ్వడం. లినక్స్‌లో ప్యామ్ నేమ్‌స్పేస్ అనే మాడ్యూల్ ఈ పని చేస్తుంది. మీరు లాగిన్ కాగానే మీకోసం ఒక విడి డైరెక్టరీ తీసి, దాన్నే టెంప్‌గా చూపిస్తుంది. పక్క సీటులో లాగిన్ అయినవారికి వారి విడి డైరెక్టరీ టెంప్‌గా కనిపిస్తుంది. ఇద్దరూ ఒకే పేరుతో ఫైలు పెట్టినా ఒకదానికొకటి తగలదు. కావాలంటే ప్రతి లాగిన్‌కూ కొత్త డైరెక్టరీ ఇచ్చి, లాగౌట్ కాగానే తీసేసే పద్ధతి కూడా అందులో ఉంది.

ఒకే సర్వర్ మీద వంద మంది విద్యార్థులకు లాగిన్ ఇచ్చే కాలేజీ ల్యాబులు మన దగ్గర కొల్లలు. వాటిని నడిపేవారికి నా విన్నపం ఒకటే. ఈ ఏర్పాటు పెట్టండి, డబ్బు ఖర్చు లేదు. ఒక రోజు కూర్చుంటే అయ్యే పని. విద్యార్థులకు పెట్టాక మీ సంగతీ చూసుకోండి. రూట్ అనే సర్వాధికార ఖాతాకు పాస్‌వర్డు ఒకటే పెట్టుకుని నలుగురూ దానితోనే లాగిన్ అవుతుంటే, వెంటనే ఆపి ఎవరి ఖాతా వారు తెరవండి.

ఈ ఏర్పాటుకు సెట్టింగుల ఫైలు ఒకటి ఉంది. అందులో ఒక్కో డైరెక్టరీకి ఒక్కో వరుస. వరుసలో మొదట డైరెక్టరీ పేరు, తరవాత విడి డైరెక్టరీలు ఎక్కడ పెట్టాలో, ఏ పద్ధతిలో విడదీయాలో రాస్తారు. చివరి గడిలో రాసేది ఈ నియమం వర్తించనివారి పేర్లు. ఎలా రాయాలో తెలియడానికి మాడ్యూల్‌తోపాటే నమూనా వరుసలు ఇచ్చారు. వాటిలో టెంప్ డైరెక్టరీకి రాసిన వరుస చివర రెండే పేర్లున్నాయి: రూట్, ఏడీఎం. రెండూ వ్యవస్థ నిర్వహణకు కేటాయించిన ఖాతాలే.