ఆటోమేటిక్ స్టాక్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: కాంపొనెంట్ విత్‌డ్రాయల్ నందు సిస్టమ్ స్టాకును తనంతట తానే డిటర్మిన్ చేయును, యూజర్ ఎట్టి ఇన్‌పుట్టూ ఇయ్యనవసరము లేదు, ఇదియే బెస్ట్ ప్రాక్టీస్.

అవతారిక: 1998లో సైబర్ టవర్స్ వెలిసినది మొదలు మాదాపూర్ సూత్రకారుల నేల. ఈ సూత్రం అక్కడి ఏసీ గదిలో స్లైడు మీద ఆవిర్భవించింది. దీని ప్రయోగస్థలం జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీ స్టోర్సు. ద్రష్ట అక్కడికి వెళ్లిన దాఖలా లేదు.

ప్రతిపదార్థం: సులభము. అమీర్‌పేటలో శాప్ కోర్సు చేసినవారినెవరిని అడిగినా చెబుతారు.

విశేషాలు: మెదక్ సీమ కొల్చారం వాడైన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ప్రతిజ్ఞ పట్టి కాళిదాసుకు సంజీవని రాశాడు. మాకా నియమం లేదు. కాబట్టి వ్యాకరణంలోకి పోదాం. ఈ శాప్ సాఫ్ట్‌వేర్‌లో యాక్సెస్ సీక్వెన్స్ అనే వరుస ఉంది. ఫలానా ప్లాంటులో ఫలానా మెటీరియల్‌కంటూ నియమం ఉందా అని ముందు వెతుకుతుంది. లేకుంటే ప్లాంటంతటికీ ఉన్నదాన్ని పట్టుకుంటుంది. ఇది అచ్చంగా ఉత్సర్గాపవాద న్యాయం, విశేషం సామాన్యాన్ని బాధించడం. కాని పాణిని మతంలో సమబలం గల విధులు రెండు తగవుపడితే వెనకది గెలుస్తుంది (1.4.2). ఇక్కడ ముందు తగిలిందే గెలుపు. పాణినికి కాశికా వ్యాఖ్య రాసిన జయాదిత్య వామనులు ఈ విరోధాన్ని పరిహరించలేదు. శాప్ పుట్టింది 1972లో కనుక క్షమార్హులు. పాణిని అష్టాధ్యాయి చివరి మూడు పాదాలను త్రిపాది అంటారు. అక్కడ జరిగిన కార్యం ముందరి సూత్రాల కంటికి జరగనట్టే, అసిద్ధం. మహానుభావుడు స్టోర్సును ఎప్పుడు చూశాడో!

ఏమంటే, గడువు ముందు తీరే లాటు ముందు పోవాలని సార్ట్ రూల్ పెట్టారు. మంచిదే. సిస్టం ఎంచిన డ్రమ్ము ర్యాకు వెనక ఇరుక్కుని ఉంటుంది. ప్రొడక్షన్ వాళ్లు తొందరపెడతారు. స్టోర్స్ అతను ఎదురుగా ఉన్న డ్రమ్ములోంచి తూచి ఇచ్చి, లాట్ నంబరు చీటీ మీద రాస్తాడు. సాయంత్రం కన్ఫర్మేషన్ కొట్టగానే బ్యాక్‌ఫ్లష్‌లో, అంటే వాడిన సరుకును స్టాకులోంచి తీసేసే 261 ఎంట్రీలో, సిస్టం తనకు నచ్చిన లాటునే తగ్గిస్తుంది. చీటీ అసిద్ధం. బ్యాచ్ రికార్డులో ఒక లాటు, సిస్టంలో ఇంకొకటి. రేపు ఆ మాత్రలు మార్కెట్ నుంచి వెనక్కి రప్పించాల్సివస్తే దేన్ని నమ్మాలయ్యా? ఇక క్వాలిటీ వాళ్లు రిలీజ్ చేయని లాటైతే సిస్టంకు స్టాకే కనపడదు, ఎంట్రీ కోగి అనే తప్పుల లిస్టులో పడుతుంది. నెలాఖరున ఆ కోగి లిస్టు ముందు కూర్చుని, తప్పు లాటు ఎంట్రీలను 262తో తిప్పి మళ్లీ 261 కొట్టేవాడు సూత్రకారుడు కాదు. పైగా ‘ప్లాంటులో డిసిప్లిన్ లేదు’ అనే మాట కూడా ఆ స్టోర్స్ అతనికే.

తాత్పర్యం: యూజర్ ఇన్‌పుట్ ఇయ్యనవసరము లేదు, గడువు తేదీ, లాటు, రిలీజు, ర్యాకు నంబరు, సవరణ మాత్రం ఇయ్యవలెను.

పాఠాంతరం: కొన్ని ప్రతులలో అడుగున చీమతలకాయంత అక్షరాలతో ‘మాస్టర్ డేటా సరిగా ఉన్నచో’ అని కనిపిస్తుంది. ప్రక్షిప్తమని తోసేయబోయాం. కాని బిల్లు దగ్గర పేచీ వచ్చినప్పుడల్లా కన్సల్టెంట్లు మూలాన్ని వదిలి ఈ పాఠాన్నే ప్రమాణంగా చూపుతున్నారు.