రైతు ఇచ్చిన అప్పుకు కాగితమేదీ?

కామారెడ్డి దాటి నిజామాబాద్ దిక్కు పోతుంటే అడ్లూర్ ఎల్లారెడ్డి తగులుతుంది. నిజాంసాగర్ వైపు ఉండే ఎల్లారెడ్డి టౌన్ వేరు, ఇది వేరు. చూడటానికి మామూలు ఊరే గానీ, కంపెనీల అప్పులకు మార్కులేసే రేటింగ్ సంస్థల ఫైళ్లలో దీని పేరు బాగానే నలిగింది. ఇక్కడి నుంచి గుండ్లపోచంపల్లి దాకా హైవేను నాలుగు లేన్లు చేసిన జీఎంఆర్ వారి కంపెనీ పద్దు ఈ ఊరి పేరుతోనే మొదలవుతుంది మరి.

ఆ పద్దు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. 2006 సెప్టెంబర్ నుంచి 20 ఏళ్ల ఒప్పందం. రోడ్డు వేసి, దాని బాగోగులు చూసుకుంటూ ఉంటే జాతీయ రహదారుల సంస్థ ఆరు నెలలకోసారి 54.18 కోట్లు చేతిలో పెట్టాలి. ఆ రోడ్డు మీద లారీలు బారులు తీరినా అంతే, కుక్క అడ్డం పడుకున్నా అంతే. బండ్లు తగ్గి టోల్ పడిపోతే ఆ నొప్పి సర్కారుది. దీన్ని యాన్యుటీ అంటారు.

రాబడి ఇంత నికరంగా ఉంటే అప్పిచ్చినవాడికి కంటినిండా నిద్ర. అయినా ఒక కన్ను తెరిచే ఉంచుతాడు. ఇలాంటి అప్పుల్లో వచ్చిన ప్రతి రూపాయీ ముందు ఎస్క్రో ఖాతాలో పడాలి. అందులోంచి మొదట పన్నులు, ఆ తర్వాత నిర్వహణ ఖర్చులు, ఆ తర్వాత కిస్తీ, ఆ తర్వాత రేపటి కిస్తీ కోసం నిల్వ, ఆ తర్వాత మళ్లీ తారు వేయడానికి మరో నిల్వ. ఇవన్నీ అయ్యాక ఏమైనా మిగిలితే అప్పుడు యజమాని చెయ్యి పెట్టొచ్చు. అదీ రాబడికీ కిస్తీకీ మధ్య ముందే రాసుకున్న నిష్పత్తి చెక్కుచెదరకుండా ఉంటేనే.

ఆరు నెలలకోసారి రాబడి రోడ్డుకే కాదు, రోడ్డు పక్క రైతుకూ ఉంది. వానాకాలం ఒకటి, యాసంగి ఒకటి. కాకపోతే ఆయన ఒప్పందం పైవాడితో, ఆ పైవాడు ఎక్కడా సంతకం పెట్టలేదు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లా మీద ఆకాశం విరిగిపడితే హైవే కోతకు గురైంది, రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, వరి చేలల్లో ఇసుక మేటలు వేసింది. హైవేకూ పట్టాలకూ ఇంజినీర్లు, జేసీబీలు వచ్చాయి. ఇసుక మేటలకు లెక్కలు రాసుకునేవాళ్లు వచ్చారు.

రోడ్డు సంగతి అటుంచండి. అడ్లూర్ ఎల్లారెడ్డిలో చక్కెర ఫ్యాక్టరీ కూడా ఉంది. గాయత్రి షుగర్స్ వారి రెండు యూనిట్లలో ఒకటి ఇది, రెండోది నిజాంసాగర్ మండలం మాగిలో. నేను చెప్పబోయేది ఆ ఒక్క కంపెనీ గురించి కాదు. దేశంలో చక్కెర ఫ్యాక్టరీలన్నిటి అప్పుల పద్ధతీ ఇంచుమించు ఒకటే. కాబట్టి ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు.

చక్కెర కంపెనీకి అప్పిచ్చేవాళ్లు ఎవరెవరని అడిగితే చార్టర్డ్ అకౌంటెంట్లు బ్యాంకులని చెబుతారు, చక్కెర అభివృద్ధి నిధి అని చెబుతారు, ప్రమోటర్లు పెట్టిన సొమ్మని చెబుతారు. అసలు అప్పిచ్చేవాడు ట్రాక్టర్ మీద కూర్చుని గేటు ముందు వరుసలో ఉంటాడు. పది పన్నెండు నెలలు పెంచిన చెరకును కాటా మీద దించి, చీటీ జేబులో వేసుకుని ఇంటికి పోతాడు. డబ్బు ఆ రోజు రాదు. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజుల్లో ఇవ్వాలి, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ కట్టాలి. అంటే చట్టమే దీన్ని అప్పుగా ఒప్పుకుంది. వడ్డీ కూడా ఖాయం చేసింది. ఆ వడ్డీ ముట్టినవాళ్లు తారసపడితే దండేసి ఫొటో తీయించుకోవాలని నాకు ఎప్పటి నుంచో కోరిక.

ఫ్యాక్టరీ వాళ్ల కష్టం లేదని కాదు. చెరకు మద్దతు ధర కేంద్రం నిర్ణయిస్తుంది. 2018-19లో క్వింటాలుకు 275 రూపాయలు ఉన్నది 2025-26కు 355 అయింది. చక్కెర కనీస అమ్మకపు ధరనూ కేంద్రమే నిర్ణయిస్తుంది. 2019 ఫిబ్రవరిలో కిలోకు 31 అన్నది, ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంది. ఏ నెల ఎంత చక్కెర అమ్మాలో కూడా ఢిల్లీయే చెబుతుంది. నాలుగైదు నెలలు గానుగ ఆడితే వచ్చిన చక్కెరను ఏడాది పొడుగునా అమ్ముకోవాలి. ఆ బస్తాలు గోదాములో ఉన్నా తాళం మీద బ్యాంకు కన్ను ఉంటుంది. తాకట్టు సరుకు కదా.

అందుకే చక్కెర కంపెనీల మూడు నెలల ఫలితాల కింద చిన్న అక్షరాల్లో ఒక మాట అచ్చవుతూ ఉంటుంది. ఈ పరిశ్రమ సీజన్ మీద ఆధారపడినది కనుక ఒక త్రైమాసికం లెక్కలు చూసి మొత్తం ఏడాదిని అంచనా వేయరాదు అని. ఎంత చక్కని మాట! జూన్‌లో నష్టం వస్తే సీజన్ కాదని స్టాక్ ఎక్స్ఛేంజీ అర్థం చేసుకుంటుంది. నిష్పత్తి తప్పితే బ్యాంకుకు ఉత్తరం రాస్తే, ఈసారికి మినహాయింపు ఇచ్చామని తిరుగు ఉత్తరం వస్తుంది. రైతు కూడా పంట రుణం గడువుకు మేనేజర్ దగ్గరికి పోయి ‘సారూ, నాది సీజన్ దందా, ఈ మూడు నెల్లు చూసి నన్ను అంచనా కట్టకుండ్రి’ అనొచ్చు. అంటే ఏమవుతుందో అందరికీ తెలుసు. సిబిల్ స్కోరు బయటికొస్తుంది.

షరతులు రైతుకు లేవనుకుంటే పొరపాటు. ఊరు ఫ్యాక్టరీకి కేటాయించిన ప్రాంతంలో ఉంటే చెరకు వేరే దిక్కు తోలడానికి లేదు. కటింగ్ ఆర్డర్ వచ్చేదాకా కొడవలి పెట్టడానికి లేదు. ఆర్డర్ ఆలస్యమై గడ ఎండితే తూకం తగ్గేది రైతుకే. అంటే అప్పిచ్చినవాడికే షరతులు పెట్టి అప్పు తీసుకునే విద్య ప్రపంచంలో చక్కెర పరిశ్రమ ఒక్కటే కనిపెట్టింది.

కంపెనీ మునిగితే మరీ బాగుంటుంది. 2016 దివాలా చట్టం ప్రకారం బ్యాంకులు కమిటీలో కూర్చుని కంపెనీ భవిష్యత్తు తేలుస్తాయి. సరుకు అరువిచ్చినవాళ్లు, అంటే చెరకు రైతులూ, తలుపు బయట నిలబడతారు. ఆస్తులు అమ్మినప్పుడు పంపకాల వరుసలో వాళ్ల పేరు చివర్లో వస్తుంది. మునగడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ బోధన్ నిజాం షుగర్స్‌లో 2002లో 51 శాతం ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబర్‌లో గేటుకు తాళం పడింది. అప్పటి నుంచి ప్రతి ఎన్నికల్లో ఆ ఫ్యాక్టరీ తెరుచుకుంటూనే ఉంది, ఫలితాలు రాగానే మూసుకుంటూనే ఉంది.

ఇన్ని చూశాక, రోడ్డు కంపెనీకి అప్పిచ్చినవాళ్ల తెలివిలో పదో వంతయినా చెరకు రైతుకు ఉండాలని ఒక ఒప్పందం ముసాయిదా తయారుచేశాను. లాయర్లు మెరుగులు దిద్దుకోవచ్చు.

ఒకటి. ఇందులో రైతును ‘అప్పిచ్చినవాడు’ అనీ, ఫ్యాక్టరీని ‘బాకీదారు’ అనీ పిలవాలి. కాటా చీటీయే ప్రామిసరీ నోటు.

రెండు. చక్కెర, మొలాసిస్, కరెంటు దేన్ని అమ్మినా డబ్బు ఎస్క్రో ఖాతాలో పడాలి. అందులోంచి మొదట చెరకు బిల్లు, తర్వాత కూలీల జీతాలు, ఆ తర్వాతే బ్యాంకు.

మూడు. మూడు నెలలకోసారి ఎండీ గారు స్వయంగా గ్రామ పంచాయతీ ముందు కూర్చుని వచ్చిందెంత, పోయిందెంత చదివి వినిపించాలి. ఇంగ్లిష్‌లో చదివితే ఒప్పందం తప్పినట్టే.

నాలుగు. అప్పిచ్చినవాడి రాతపూర్వక అనుమతి లేకుండా కొత్త కారు కొనరాదు, గెస్ట్‌హౌస్‌కు ఏసీలు పెట్టరాదు, అన్న కంపెనీ డబ్బు తమ్ముడి కంపెనీకి అప్పు ఇవ్వరాదు.

ఐదు. అప్పిచ్చినవాడు ఎప్పుడైనా గోదాములోకి పోయి బస్తాలు లెక్కపెట్టుకోవచ్చు. చాయ్, బిస్కెట్లు బాకీదారు ఖర్చు.

ఆరు. పూచీకత్తుగా ఎండీ గారి శ్రీమతి నగలు తాకట్టు పెట్టాలి. పుస్తెలకు మినహాయింపు ఉంది. మా ఆడవాళ్లకు ఆ మినహాయింపు ఎవరూ ఇవ్వలేదు.

ఏడు. గడువు దాటితే ఆఫీసు తలుపులు ఊడబీక్కుపోయే హక్కు అప్పిచ్చినవాడికి ఉంది. ఈ పద్ధతి సహకార బ్యాంకుల దగ్గర నేర్చుకున్నదే.

ముసాయిదా చదివితే ఏ మేనేజరైనా ఏమంటాడో ఊహించడం కష్టం కాదు. ‘ఇట్ల షరతులు పెడితే ఫ్యాక్టరీ నడుస్తదా పటేలా?’ అంటాడు. ‘మాకు పెడితే ఎవుసం నడుస్తలేదా సారూ?’ అని పటేల్ అడుగుతాడు. అక్కడితో చర్చలు వాయిదా.

అయితే ఈ ఒప్పందం ఎప్పటికీ సంతకాల దాకా రాదని రైతుకు తెలుసు. అందుకే ఆయన తన పద్ధతిలో అప్పు వెనక్కి లాక్కోవడం ఎప్పుడో మొదలుపెట్టాడు. మంజీరా మీద నిజాంసాగర్ కట్టాక చెరకుతో పచ్చబడ్డ ఈ ప్రాంతంలో ఏటికేడు చెరకు తగ్గి వరి పెరిగింది. ఐకేపీ కొనుగోలు సెంటర్లో ధాన్యం పోస్తే తరుగు పేరుతో కోత పెట్టినా, పైసలు కాస్త ముందే ఖాతాలో పడతాయి. బ్యాంకు అప్పు వెనక్కి అడగాలంటే నోటీసు, లాయర్, ట్రిబ్యునల్. రైతు అడగాలంటే దున్ని నాటేస్తే చాలు. ఫ్యాక్టరీకి గానుగ ఆడే రోజులు తగ్గుతాయి, రాబడి తగ్గుతుంది, కిస్తీ తప్పుతుంది, నిష్పత్తి తప్పుతుంది. అప్పుడు కంపెనీ తన ఫలితాల కింద మళ్లీ చిన్న అక్షరాల్లో ఇంకో మాట అచ్చేయిస్తుంది. ప్రతికూల వాతావరణం వల్ల చెరకు లభ్యత తగ్గింది అని.