మా రోజుల్లో జన్యువును కళ్లతో చదివేవాళ్లం

మొన్న సాయంత్రం మా మనవరాలు నీట్ పుస్తకం ముందేసుకుని వల్లె వేస్తోంది. "ఎక్సాన్ అంటే కోడింగ్, ఇంట్రాన్ అంటే నాన్‌కోడింగ్, కత్తిరించి పారేస్తారు." ఎక్సాన్ మొత్తం కోడింగేనా అమ్మా అని అడిగాను. "బిట్టుకి ఇది చాలు తాతయ్యా" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

మా రోజుల్లో, అంటే 1980ల్లో, జన్యువు చదవడమంటే చేతిపని. రెండు గాజుపలకల మధ్య పల్చగా జెల్ పోసి, రేడియోధార్మికత పట్టించిన డీఎన్‌ఏ ముక్కల్ని అందులో నడిపించేవాళ్లం. వాటి గుర్తులు ఎక్స్‌రే ఫిల్ము మీద పడేదాకా ఒక రాత్రి, ఒక్కోసారి రెండు రోజులు కాచుకోవాలి. ఫిల్మును లైటుపెట్టె మీద పరిచి, నాలుగు వరుసల్లోని నల్లగీతల్ని కింది నుంచి పైకి ఒకరు చదువుతుంటే ఇంకొకరు రాసుకునేవారు: ఎ, సి, జి, టి. ఫిల్ముకు రెండు మూడు వందల అక్షరాలు దక్కితే ఆ రోజు పండగే. తర్వాత పెన్సిలు పట్టుకుని మూడేసి అక్షరాలు విడగొడుతూ, ప్రోటీన్ వరుసతో సరిచూసుకుంటూ పోయేవాళ్లం. ఉన్నట్టుండి ఒకచోట పొంతన కుదిరేది కాదు. అక్కడ జీటీతో ఇంట్రాన్ మొదలై, ఏజీతో ముగుస్తుంది. ఆ రెండింటి కింద ఎర్రసిరాతో గీతలు పెట్టేవాళ్లం.

ఇప్పుడో? నమూనా కొరియర్లో వెళ్తుంది, వరుస ఈమెయిల్లో వస్తుంది. ఏది కోడింగో కంప్యూటరే రంగులేసి చూపిస్తుంది. రంగు లేని చోట ఏముందని ఒక్కరూ అడగరు.

జన్యువు ముక్కలు ముక్కలుగా ఉంటుందని 1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందాలు అడినోవైరస్‌లో చూపించాయి. 1993లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. 'జంక్ డీఎన్‌ఏ' అనే మాట అంతకుముందే, 1972లో, సుసుము ఓనో వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. మనిషి డీఎన్‌ఏలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటే ప్రోటీన్లుగా మారేది నూటికి రెండు వంతులు కూడా లేదు. మిగిలినదంతా పనికొస్తుందని నేననను, పనిలేనిది బోలెడుంది. కానీ చూడకుండానే చెత్త అనే హక్కు ఎవరికీ లేదు. మన హైదరాబాదు సీసీఎంబీలో లాల్జీ సింగ్ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని తయారు చేసింది, కట్లపాము జాతిలో దొరికిన ఇలాంటి నాన్‌కోడింగ్ పునరుక్తులతోనే.

మా మనవరాలికి కాగితం మీద బీటా గ్లోబిన్ జన్యువు గీసి చూపించాను. మొత్తం సుమారు 1,600 అక్షరాలు. మూడు ఎక్సాన్లు, రెండు ఇంట్రాన్లు. మొదటి ఎక్సాన్‌లో, ప్రోటీన్ సంకేతం మొదలయ్యే ఏటీజీకి ముందున్న 50 అక్షరాలు ప్రోటీన్‌లోకి వెళ్లవు. అంటే ఎక్సాన్‌లోనూ నాన్‌కోడింగ్ ఉంది. ఇక మొదటి ఇంట్రాన్ పొడవు 130 అక్షరాలు. అందులో ఐదో అక్షరం జి ఉండాల్సిన చోట సి పడితే కత్తిరింపు తప్పుతుంది, హిమోగ్లోబిన్‌కు కావలసిన గొలుసు సరిగా తయారు కాదు. మన దేశంలో బీటా థలసీమియాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం ఈ ఒక్క అక్షరమే. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఇదే తప్పు వచ్చిన పిల్లలు చాలామంది బతికినన్నాళ్లూ రక్తం ఎక్కించుకోవాలి. ఈ జబ్బుకు 2023లో బ్రిటన్ అనుమతించిన జన్యుచికిత్స కాస్‌జెవీ కూడా డీఎన్‌ఏను కత్తిరించేది వేరొక జన్యువు ఇంట్రాన్‌లోనే.

పిల్ల చాలాసేపు ఆ కాగితం వంకే చూసింది.

పాఠాలు చెప్పే వాళ్లకు నా మనవి ఒక్కటే. బిట్లు ఎన్నైనా చేయించండి, కానీ ఏడాదికి ఒక్క జన్యువునైనా పిల్లల చేత కాగితం మీద రాయించండి. ఇంట్రాన్లను ఎర్రసిరాతో గుర్తు పెట్టించండి. బీటా గ్లోబిన్‌కైతే ఒక ఆదివారం సరిపోతుంది.