సగం పరీక్ష, పూర్తి ఫీజు

అమెరికాలో పీజీ సీటు కోసం రాసే జీఆర్‌ఈ బాగా చిక్కిపోయింది. 3 గంటల 45 నిమిషాలు కుర్చీకి అతికించేసే పరీక్ష, 2023 సెప్టెంబరు నుంచి గంటా 58 నిమిషాల్లోనే మనిషిని వదిలేస్తోంది. మ్యాథ్స్‌లో 40 ప్రశ్నలు 27 అయ్యాయి, వెర్బల్‌లోనూ అంతే. ఫీజుకు మాత్రం ఈ డైటింగ్ వర్తించలేదు. అయిదు రూపాయల ప్యాకెట్లో ఒక్క బిస్కెట్ తగ్గినా కొట్టువాడితో గొడవపడే జనం మనం. ఇక్కడ సగానికి సగం కోసి చేతిలో పెడితే 'హమ్మయ్య, బతికించారు' అని దణ్ణం పెడుతున్నాం. ఈ పరీక్ష పెట్టే ప్రిన్స్‌టన్‌లోని ఈటీఎస్ వాళ్లకు ఇంతకంటే మంచి బేరం ఎక్కడ తగులుతుంది?

కోసేసినవాటిలో మార్కులే లేని సెక్షన్ ఒకటి. రేపటి ప్రశ్నలు పనికొస్తాయో లేదో ఇవాళ్టి పిల్లల మీద చూసుకోవడానికి పెట్టేవారు. చాలాసార్లు అది ఏదో చెప్పేవారు కూడా కాదు. అంటే మనవాడు వాళ్లకు చాకిరీ చేసి, కూలి తీసుకోకపోగా ఎదురు డాలర్లు కట్టి వచ్చేవాడన్నమాట.

ఎదుటివాడి వాదనలో తప్పులు పట్టే ఆర్గ్యుమెంట్ వ్యాసమూ పోయింది. ఇది మాత్రం తెలుగువాళ్ల మీద కుట్రే. రోజూ రాత్రి టీవీ చర్చలు చూస్తూ అన్నం తిన్న పిల్లలకు అవి ఉత్తపుణ్యానికి వచ్చే మార్కులు. ఆ చర్చల్లో ఎదుటివాడి వాదన ఎవరూ వినరు గానీ, అది వేరే సంగతి.

కోతలు కొత్తేమీ కాదు. 2011లో యాంటనిమ్స్, అనాలజీలు ఎత్తేసి, స్క్రీన్ మీదే కాలిక్యులేటర్ ఇచ్చారు. 800కు ఉండే స్కోరు 170కి దిగింది. అంతకుముందు తరం బారన్స్ పుస్తకంలోని 3,500 మాటలను బస్సులో, బాత్రూంలో బట్టీపట్టింది. అబ్‌స్ట్రెపరస్, లొక్వేషస్ లాంటివి బుర్రకెక్కించుకుని అమెరికాలో దిగినవాళ్లకు, గ్యాస్ స్టేషన్ కౌంటర్లో 'హౌ ఆర్ యూ'తోనే రెండేళ్లూ గడిచిపోయాయి.

2020లో కరోనా పుణ్యాన పరీక్ష ఇంటికే వచ్చింది. దాని నిబంధనలు చదివితే ముచ్చటేస్తుంది. గదిలో ఇంకొకరు ఉండకూడదు. కెమెరాకు తలుపు కనబడాలి, చెవులూ కనబడాలి. మంచం మీద కూర్చోకూడదు. రఫ్ వర్కు మామూలు కాగితం మీద చేయకూడదు. చిన్న వైట్‌బోర్డు మీద చేసి, చివర్లో చెరిపి చూపించాలి. కూకట్‌పల్లిలో డబుల్ బెడ్‌రూం ఫ్లాటుకు ఇన్ని షరతులు కుదిరేది ఇంటిల్లిపాదీ పెళ్లికి వెళ్లినప్పుడే. అప్పుడైనా నానమ్మ మిగిలే ఉంటుంది. "కాస్త కాఫీ తాగి రాసుకోరా నాయనా" అంటూ సరిగ్గా క్వాంట్ మధ్యలో తలుపు తోస్తుంది. కెమెరాలోంచి కాపలా కాసే ప్రొక్టర్ లెక్కలో అది మాల్‌ప్రాక్టీస్.

పరీక్షతోపాటు కోచింగ్ కూడా చిక్కుతుందనుకున్న అమాయకులున్నారు. ప్రశ్నలు తగ్గాయి కాబట్టి ఒక్కో తప్పుకు దెబ్బ పెద్దది, కాబట్టి కోర్సు ఇంకా పెద్దదిగా ఉండాలని అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల వాదన. ఆర్గ్యుమెంట్ వ్యాసం బతికుంటే దీన్నే ప్రశ్నగా ఇవ్వొచ్చు.

ఈలోగా అమెరికాలో చాలా యూనివర్సిటీలు జీఆర్‌ఈ ఆప్షనల్ అనేశాయి. అది చూసి పిల్లవాడు సంబరపడ్డాడు. తండ్రి కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివాడు.

"ఎదురు ఫ్లాటు వాళ్లబ్బాయి రాశాడుగా, ఇంకెక్కడి ఆప్షను? స్లాట్ బుక్ చెయ్."