పాదరక్షా గుళిక పద్యమునకు టీకాతాత్పర్యములు

ఆ.వె.
ఎడమకాలి జోటి యడుగున గుంటలో
గుళిక యంత్రమొకటి కుదురఁ బెట్టఁ
బరుగుపెట్టువాఁడు పథమున నెంతటి
దూర మరిగె ననుచుఁ దూఁచి చెప్పు.

అవతారిక. ఈ పద్యము ఏ పురాణములోనిదియు కాదు. మూలములో లేని మాట వ్రాయనని వ్యాఖ్యాతయగు కోలాచల మల్లినాథసూరి పట్టిన ప్రతిజ్ఞ వంటిది పట్టుటకు ఈ విషయమున మూలమే లేకపోవుటచే, ముందుగా మూలమును నేనే రచించి, ఆ మీదట దానికి వ్యాఖ్య వ్రాయుచున్నాను. ఇందువలన మూలకారుని హృదయము వ్యాఖ్యాతకు తెలియలేదను అపవాదు రాదు. సందర్భ మేమనగా, 2006వ సంవత్సరము మే నెలలో అమెరికాదేశమున ఆపిల్ సంస్థయు నైకీ సంస్థయు చేతులు కలిపి, పాటలు వినుచు పరుగుపెట్టువారి నిమిత్తము ‘నైకీ ప్లస్ ఐపాడ్ స్పోర్ట్ కిట్’ అను సామగ్రిని 29 డాలర్ల వెలకు ప్రకటించినవి. అందు జోటిలో పెట్టవలసిన సెన్సారొకటి, ఐపాడ్ నానో క్రింది అంచున తగిలింపవలసిన రిసీవరొకటి ఉండెడివి. పరుగెత్తువాడు కోరినప్పుడు పాట నడుమ ఒక కంఠము వినవచ్చి, ఇంత దూరము వచ్చితివని వాని చెవిలో చెప్పెడిది.

ప్రతిపదార్థము. ఎడమకాలి జోటి = వామపాదమునకు తొడుగుకొను బూటు యొక్క; అడుగునన్ = లోపలి సోలునకు క్రింద; గుంటలోన్ = చేసినవారే తొలిచి యుంచిన పల్లమునందు; గుళిక యంత్రము ఒకటి = మూడున్నర సెంటీమీటర్ల పొడవును, ఇంచుమించు ఆఱున్నర గ్రాముల బరువును గల సెన్సారును; కుదురన్ పెట్టన్ = కదలకుండ అమర్చగా; పరుగుపెట్టువాడు = ఆరోగ్యకాముడు, లేదా డాక్టరుచే బెదిరింపబడినవాడు; పథమునన్ = త్రోవయందు; ఎంతటి దూరము = ఎన్ని మైళ్ళు; అరిగెన్ అనుచున్ = పోయెనని (అరుగుట జోటికిని కలదు గాని, అది యిచట ప్రస్తుతము కాదు); తూచి = గణించి; చెప్పున్ = వినిపించును.

టీక. ఈ పద్యమున ‘గుంటలో’ అను పదమును గూర్చి పుట్టినంత వాదము తక్కిన పదములన్నిటిని గూర్చియు కలిపి పుట్టలేదు. ఏలయన, ఆ గుంట నైకీవారి జోళ్ళలో, అందును ‘ప్లస్’ గుర్తు గలవానిలో, అందును ఎడమదానియందు మాత్రమే యుండెడిది. మఱి ఏ ఆసిక్స్ జోళ్ళతోనో, ఏ న్యూ బాలెన్స్ జోళ్ళతోనో తన పాదమునకు చిరకాలముగా చెలిమి కుదిరియున్నవాడును, సెన్సారు వెలకు ఎన్నో రెట్లు పోసి క్రొత్తజోడు కొనుటకు మనసొప్పనివాడును ఏమి చేయవలయును?

ఇచట పూర్వపక్షి యిట్లనును: “విధి స్పష్టముగా నున్నది. గుంట యాధారము, ఆధారము లేనిచోట కర్మయే లేదు, కావున అన్యజోళ్ళు గలవానికి ఈ పరుగునందు అధికారము లేదు.” విక్రేతల మతమును ఇదియే. స్వలాభమును శాస్త్రముగా బోధించుట వర్తకులకు నేడు క్రొత్తగా అబ్బిన విద్య కాదు గనుక మనమందులకు వారిపై కినుక వహింపనక్కఱలేదు.

సిద్ధాంతి యిట్లనును: కంటికి గానవచ్చు ప్రయోజన మొకటి యుండగా, కానరాని పుణ్యమును కల్పింపరాదని మీమాంసకుల కట్టుబాటు. గుంటకు గల ప్రయోజనములు రెండు: గుళిక కదలకుండుట, అది అరికాలికి ఒత్తుకొనకుండుట. ఇంతకు మించి ఆ గుంటలో మహిమ యేదియు లేదు. గుళిక లోపల నున్నది అదురును పసిగట్టు ఒక చిన్న పరికరము. పాదము నేలను తాకిన క్షణము మొదలు మరల లేచు క్షణము వఱకు గల కాలమును అది కనిపెట్టుచుండును. ఆ కాలము తగ్గినకొలది వేగము హెచ్చినదని గణించి, వేగమునుండి దూరమును రాబట్టుదురు. ఇంత చేసిన యంత్రమునకు తాను ఎవరి దుకాణపు జోటిలో కూర్చున్నదో తెలియనే తెలియదు. సోమలత దొరకనిచోట పూతికతో యాగము నడపుకొమ్మని శాస్త్రమే సెలవిచ్చియుండగా, గుంట దొరకనిచోట మఱియొక యాధారమును చూచుకొనుటలో దోషమేమి?

ఆ యాధార మేది యను విషయమున మరల మతభేదములు కలవు. ఛేదపక్షమువారు లోపలి సోలును పెఱికి, బోర్లించి, దానిపై గుళికను పెట్టి, బాల్‌పెన్నుతో చుట్టును గీత గీసి, ఆ గీతవెంట బ్లేడుతో తొలిచి, తమ జోటికి తామే గుంటను ప్రసాదింతురు. చూచుటకిది మూలమునకు మిక్కిలి విధేయమైన మార్గము, చేయుటలోనే చిక్కు. గుళిక మందము ఏడెనిమిది మిల్లీమీటర్లు. సామాన్యమైన జోటి సోలు చాలవఱకు అంత దళసరి యుండదు. బ్లేడు ఆవలివైపునకు పొడుచుకొని వచ్చినచో అతివ్యాప్తి, రానిచో అవ్యాప్తి. మొదటిదానిచే సోలు చెడును, రెండవదానిచే అరికాలి వంపు క్రింద గడ్డ లేచి, కొంతదూరము పరుగెత్తువఱకు ఊరకుండి, ఇల్లు దూరమైన పిమ్మట బాధింప మొదలిడును. ఇంతలో తృప్తిచెందక గుళికను జిగురుతో అంటించు సాహసికులును కలరు. వారెఱుగవలసినదేమనగా, ఆ గుళికలోని బ్యాటరీని మార్చుటకు వీలులేదు. దాని యాయువు సుమారు 1000 గంటలు. ఆ పిదప 19 డాలర్లిచ్చి క్రొత్తదానిని తెచ్చుకొనవలసియుండెను. అప్పుడు జిగురులోని మృతగుళికను ఊడదీయుట యెట్లు?

బంధపక్షమువారు జోటిని గాయపఱుపరు. చిన్న సంచిలో గుళికను వేసి, వెల్క్రోతో నోరు మూసి, పాదము మీది లేసులలో దానిని ఇఱికింతురు. జోడు అరిగినపుడు సంచిని విప్పి క్రొత్తజోటికి కట్టుకొందురు. “పాదము క్రింద నుండవలసినది పాదము మీద నుండుట అపచారము కాదా?” యని శంక. కాదు, ఏలయన, పోలార్, గార్మిన్ మొదలగు సంస్థలవారు తాము చేయు పరుగు సెన్సారులను మొదటినుండియు లేసులకే తగిలించుకొనుడని చెప్పుచు వచ్చిరి, ఇంతకంటె గట్టి శిష్టాచార మేమి కావలయును? పాదము లేచినప్పుడు క్రిందిదియు లేచును, మీదిదియు లేచును.

టేపుతో చుట్టెడు మూడవ పక్షము కూడ కలదు గాని, వారి మతము తొలివానకే ఊడిపోవును గనుక విస్తరింపము.

అయినను బంధపక్షమునందొక ప్రమాదము లేకపోలేదు. లేసు వదులైనచో గుళిక పాదముతోపాటు నడచుట మాని, తనంతట తానొక తాండవము మొదలుపెట్టును. అప్పుడది చెప్పు దూరము పరుగెత్తినవానిది కాదు, గుళికది. అందుచేత ఒక వరుస చాలదు, రెండు వరుసల లేసు దానిపై బిగియవలెను. గుళిక సోలునకు సమాంతరముగ పరుండవలెను గాని అంచుమీద నిలువబడరాదు. ముడి వేసిన పిమ్మట బొటనవ్రేలితో నెట్టి చూడవలెను, నెట్టిన కదలినచో మరల విప్పి కట్టవలెను. ఈ పద్యమునకు ప్రాణమైన పదము ‘గుంటలో’ అనునది కాదు, ‘కుదురఁ బెట్ట’ అనునదియే యని నా నిశ్చయము. మూలకారుని అడిగియే చెప్పుచున్నాను.

‘ఎడమ’ యనునది కూడ ఉపలక్షణమే. గుంట ఎడమజోటియందే తొలిచిరి గనుక ఎడమ యనిరి. లేసునకు కట్టుకొనువాడు కుడికాలికి కట్టుకొన్నను లెక్క తప్పదు.

ఇక ‘తూఁచి’ యను పదము. తూచుటకు ముందు త్రాసును సరిచూచుకొనుట లోకమర్యాద గదా. ఈ సామగ్రియందును దూరము తెలిసిన త్రోవలో, కనీసము 400 మీటర్లు, నడకకు వేఱుగను పరుగునకు వేఱుగను సరిపెట్టుకొను నేర్పాటు కలదు. పరుగుపందెముల మైదానములో లోపలి గీతవెంట ఒక చుట్టు సరిగా 400 మీటర్లగుటచే, అచటికి పోవుట మేలు. సోలుక్రింది గుళికను లేసుమీదికి మార్చినవాడు పాత తూకమునే నమ్ముకొనరాదు. మరల ఒక చుట్టు తిరిగి రావలెను.

తాత్పర్యము. ఏ జోడైనను సరే, గుళికను పాదముతో ఏకీభావము పొందునట్లు బిగించి, త్రాసును సరిచూచుకొన్నవానికి దూరము తెలియును. పరుగు మాత్రము వాడే పెట్టవలెను.

విశేషము. ‘చెప్పు’ అనిన మూలకారుడు ఎవరికి చెప్పునో చెప్పలేదు. ఐపాడునకే యని లోకము తలచెను. గుళిక ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య కలదు. నడచినంతసేపును అది ఆ సంఖ్యను గాలిలోనికి పలుకుచునే యుండును. 2006లోనే సియాటెల్ నగరమందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, ఈ పలుకును 60 అడుగుల దూరమునుండి కూడ ఇతరులు పట్టుకొనవచ్చుననియు, వీథులలో అక్కడక్కడ వినికిడి యంత్రములను దాచినచో ఫలానా జోడు ఏ వేళ ఎచట నడచెనో ఎవరైనను వ్రాసిపెట్టుకొనవచ్చుననియు నిరూపించిరి. గుళికను జోటిలో వేసి మఱచిపోవచ్చునని తయారీదారులు భరోసా యిచ్చియుండిరి; మఱవరాదని నా మతము. దానికొక చిన్న బొత్తాము కలదు. పరుగు ముగిసిన తోడనే కలము మొనతో ఆ బొత్తామును నొక్కి గుళికను నిద్రపుచ్చి, ఆ తరువాతనే కాఫీకి కూర్చుండవలసినదని పాఠకులకు మనవి.