వీపున్న టీవీ

పాత డబ్బా టీవీకి ఈ మధ్య గుళ్లు కట్టేలా ఉన్నారు. పాత సామాన్లవాడు కూడా వద్దని దండం పెట్టి వెళ్లిపోయిన ఆ పెట్టె కోసం పాతకాలపు వీడియోగేములు ఆడేవాళ్లు ఎగబడుతున్నారు. "ఆ బొమ్మే వేరండీ" అంటూ కళ్లు మూసుకుంటున్నారు. కళ్లు మూసుకున్నాక ఏ బొమ్మయితే ఏమిటని కొన్నాళ్లుగా విసుక్కుంటూనే ఉన్నాను. చికాకేమిటంటే, వాళ్లు చెప్పేది అబద్ధం కాదు.

పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్లు వేల ఓల్టుల తోపుతో వెనకనుంచి దూసుకొచ్చి తెర లోపలి ఫాస్ఫర్ పూతను తాకుతాయి. తాకినచోట చుక్క మెరిసి మరుక్షణంలో మసకబారుతుంది. మన దేశపు పద్ధతిలో సెకనుకు 50 సార్లు పైనుంచి కిందిదాకా ఇదే పని. పరిగెత్తే బంతి చెదరకుండా కనబడేది ఆ ఆరిపోవడం వల్లే. ఎల్‌సీడీకి ఆ విరామం తెలియదు; తర్వాతి బొమ్మ వచ్చేదాకా ముందుదాన్నే పట్టుకు కూర్చుంటుంది. కన్ను బంతి వెంట ముందుకు పోతుంది, బంతి తెరమీద ఆగి ఉంటుంది, ఇద్దరికీ పొత్తు కుదరక బంతికి తోక మొలుస్తుంది. ఆ తోక కత్తిరించడానికి కొత్త టీవీలు కెమెరా తీయని బొమ్మల్ని సొంతంగా పుట్టించి మధ్యలో ఇరికిస్తాయి. దాంతో కోట్లు పోసి తీసిన సినిమా పెళ్లి వీడియోలా తయారవుతుంది.

625 గీతల బొమ్మా ఒక బొమ్మేనా అని ఎదుటిపక్షం అడుగుతుంది. న్యాయమే. అందులో బొమ్మకు దక్కేవి 576 మాత్రమే; న్యూస్ చానల్ అడుగున పాకే తెలుగులో ఏది వత్తో ఏది మచ్చో ఆ పెట్టెలో తేల్చుకోవడం కష్టం. ఇక బరువు. ట్యూబు లోపల శూన్యం, బయట నలువైపులా గాలి ఒత్తిడి. తెర పెరిగేకొద్దీ గాజు మందం పెంచక తప్పదు. ఎక్స్ కిరణాలు బయటికి రాకుండా ఆ గాజులో సీసం కూడా కలిపేవారు. సోనీ 43 అంగుళాల ట్యూబు టీవీ చేస్తే అది దాదాపు 200 కిలోలు తూగింది. పొగిడేవాళ్లలో మేడమీదికి మోసినవాడు ఒక్కడైనా ఉంటాడా అని నా అనుమానం.

అయితే అంత వీపు ఉండబట్టే ఆ టీవీకి నెత్తి కూడా ఉండేది. గాలి ఆడాలని ఇంజనీర్లు లెక్కలు కట్టి పెట్టిన కన్నాలమీద ముందుగా కుట్టుపని గుడ్డ పడేది. గుడ్డ అంచు కిందికి జారి న్యూస్ చదివేవారి నుదుటిమీద ముసుగులా వేలాడేది. గుడ్డమీద ఏటికొప్పాక లక్కబొమ్మ, కడిగితే గానీ రంగు తెలియని ప్లాస్టిక్ గులాబీలు, తిరుపతి నుంచి తెచ్చిన వెంకన్న పటం, పిల్లవాడికి పరుగుపందెంలో వచ్చిన కప్పు. ఆ కప్పులో సూదీదారం, గడువు తీరిన మాత్రలు, చెల్లని తాళంచెవులు. కప్పుకింద కరెంటు బిల్లు, దానికింద ఇంకా వెళ్లాల్సిన పెళ్లి శుభలేఖ. సంసారం మొత్తం అక్కడ దొరికేది. లోపల టీవీ ఉడుకుతుంటే ఎవరికీ పట్టేది కాదు. ఇప్పటి టీవీ అంచుమీద బల్లి కూడా నిలదొక్కుకోలేదు. కరెంటు బిల్లు ఎక్కడ పెట్టాలో తెలుగునాట ఏ ఇంట్లోనూ తేలలేదు.

గోడకు అతుక్కుంటుంది, స్థలం కలిసొస్తుంది, కరెంటు తక్కువ తాగుతుంది అంటారు. ఒప్పుకుంటాను. అంత సన్నంగా చేసి స్పీకరుకు చోటు మిగల్చకుండా, గొంతు కావాలంటే సౌండ్‌బార్ విడిగా కొనుక్కోమనడం మాత్రం ఒప్పుకోను.

నా అసలు గొణుగుడు వేరే ఉంది. హైదరాబాద్ ఈసీఐఎల్‌లో ఈసీ టీవీలు తయారైన రోజుల్లో ఆ వీపు విప్పి బతికిన మెకానిక్‌లు పేటపేటకీ ఉండేవారు. తెరమధ్య ఒక్క అడ్డగీతే మిగిలితే "వర్టికల్ పోయింది" అని చూడగానే చెప్పేవారు. విప్పడానికి మరలుండేవి, మార్చడానికి భాగాలుండేవి. ఇప్పుడు ప్యానెల్ పోతే దాని ఖరీదులో కొత్త టీవీ వస్తుందని చెప్పడానికి మెకానిక్ అక్కర్లేదు. ఆ చేతుల్లో కొన్ని సీసీ కెమెరాలు బిగిస్తున్నాయి, కొన్ని ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నాయి. పాత గేముల కుర్రాళ్లు వెతుక్కుంటూ వస్తే ఆ పెద్దమనుషులు ఇప్పటికీ ఎల్‌ఓటీ, అంటే లైన్ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, మార్చగలరు. ట్యూబే పోతే ఏమీ చేయలేరు; పెద్ద కంపెనీలు వాటి తయారీ ఎప్పుడో మానేశాయి.